చూడదగిన చిత్రం

మా అపార్టుమెంటువారి అభిరుచిని ఉద్ధరించడానికి ప్రతి వారమూ ఒక మంచి సినిమా పేరు కాగితంపై వ్రాసి నోటీసుబోర్డుకు అంటించేవాణ్ణి. ఒక్కరూ చూసిన పాపాన పోలేదు. గాడిదలకేం తెలుసు గంధపు వాసన! ఈసారీ ఎవరూ చూడకపోతే ఆ కాగితం తీసేస్తామని కార్యదర్శి హెచ్చరించాడు.

ఆదివారం బోర్డు దగ్గర ఆయనే ఎదురై చేతులు జోడించాడు.

"మాస్టారూ, ఇంటిల్లిపాదీ చూశామండీ. మా అత్తగారైతే తలుపేసుకుని రెండోసారి కూడా చూశారు."

"ఇన్నాళ్ళకు బుద్ధి వచ్చిందన్నమాట" అన్నాను.

ఆయన వెళ్ళాక మా ఆవిడ బోర్డు చదివి నవ్వింది.

"బుద్ధి కాదండీ. మీరు 'చూడదగని చిత్రం' అని రాశారు."

నిజమే. గకారానికి ఇవ్వవలసిన గుడిని నకారానికి ఇచ్చాను.

దిద్దడానికి కలం తీశాను. చుట్టూ చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.