ఆదివారం దాకా

"ఆయనకి ఇప్పుడు చెప్పినా నిలవదమ్మా," అన్నాడు చిన్న డాక్టరు. "మత్తు సూది వేయించుకున్నవాళ్ళు ఇవాళ విన్నది రేపటికి మరిచిపోతారు. అందుకే మా దగ్గర ఫలితం వెంట వచ్చినవాళ్ళకే చెప్తాం."

ఆమె చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. భర్త కడుపులోకి గొట్టం వేసి చూసిన పెద్ద డాక్టరు అప్పటికే తర్వాతి రోగి దగ్గరికి వెళ్ళిపోయాడు. బయట బెంచీల మీద ఇంకా పదిమంది ఉన్నారు. కాగితాలు చూసి చెప్పటం ఈ చిన్న డాక్టరు పని.

అతను రిపోర్టు మొదటి పేజీ ఆమె వైపు తిప్పాడు. కడుపు లోపలి ఫొటో. తడిగా, ఎర్రగా ఉంది. ఒక మూల ఆకుపచ్చ గీతలతో చిన్న చదరం.

"ఆ చదరం గీసింది కంప్యూటరు. గొట్టం లోపల తిరుగుతుంటే, అనుమానం ఉన్నచోట తెర మీద అదే గీస్తుంది. మా కంటికి ఆననివి కూడా పట్టుకుంటుంది." అతను ఆ చదరం మీద వేలు పెట్టాడు. "ఇది మాత్రం పెద్ద డాక్టరుగారి కంటికీ ఆనింది. ముక్క తీసి పంపాం. సోమవారం కాగితం వస్తుంది. కానీ మాకు సందేహం లేదమ్మా. క్యాన్సరే."

"తీసెయ్యలేరా బాబూ?"

"పైపొరలో ఉంటే కోత లేకుండా ఆ గొట్టంలోంచే చెక్కి తీసేస్తున్నాం ఇప్పుడు. నాలుగు రోజుల్లో ఇంటికి పంపేస్తున్నాం. మీవారిది లోతుకి దిగిపోయింది. ఏడాది ముందు వచ్చి ఉంటే..."

ఏడాది ముందు ఆయన స్టీరింగు పక్కన కడుపుమంట బిళ్ళల సీసా పెట్టుకుని ట్రిప్పుకో బిళ్ళ చప్పరించేవాడు. డాక్టరుకి చూపించుకోమంటే, "రిపేరు బస్సుకి గాని డ్రైవరుకి కాదే" అనేవాడు.

ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపాడు. ఒక్క ప్రమాదం లేదు. ఎల్లుండి ఆదివారం ఆఖరి డ్యూటీ.

"సోమవారం దాకా ఆయనకి చెప్పకండి బాబూ. ఆ ఒక్కరోజూ మనసు నెమ్మదిగా నడుపుకోనివ్వండి."

"నా నోట రాదమ్మా," అన్నాడు చిన్న డాక్టరు. "మీ మొహంలో కనపడకుండా చూసుకోండి."

ఆమె కొళాయి దగ్గర మొహం కడుక్కుంది. అద్దంలో చూసుకుని ఒకసారి నవ్వింది. బాగా రాలేదు. ఇంకోసారి నవ్వింది.

పొద్దున లోపలికి వెళ్తూ ఆయనే అన్నాడు, "సూది వేసి నిద్రపుచ్చుతారట. నీ సణుగుడు లేని నిద్ర, ఎన్నేళ్ళకో!" అని. ఇప్పుడు మంచం మీద వెల్లకిలా, కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆమె పక్కన కూర్చోగానే తెరిచాడు.

"ఏమన్నారే?" మాట ముద్దముద్దగా ఉంది.

"పుండు పడిందట. మందులకి తగ్గిపోతుందట."

ఆయన కప్పు వైపు చూశాడు. పైన ఫ్యాను తిరగటం లేదు. అయినా దాన్నే చూశాడు.

"అంతేనా! ఈ మాత్రానికి ఇంత గొట్టమా!" అన్నాడు చివరికి. ఆ తర్వాత, "ఆదివారం నువ్వు నా బస్సెక్కాలి. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నా వెనక సీట్లో కూర్చోలేదు నువ్వు."

"కూర్చుంటాలెండి. మీరు కొన్న ఆకుపచ్చ శాలువా కప్పుకుని మరీ వస్తా."

"అది వద్దు." ఆయన మొహం తిప్పుకున్నాడు. "ఆ రంగు వద్దు. ఇంకేదైనా కప్పుకో."

మత్తు ఇంకా దిగలేదనుకుంది ఆమె. ముచ్చటపడి తెచ్చిందే వద్దంటున్నాడు.

"ఇంటికి వెళ్ళగానే కొళాయికి వాషరు మార్చటం నేర్పిస్తాను నీకు," అన్నాడు మళ్ళీ. "స్కూటరు కూడా."

"ఈ వయసులో నాకెందుకండీ ఆ విద్యలు? మీరు లేరా?"

ఆయన లేచి కూర్చున్నాడు. చెప్పుల కోసం కాళ్ళతో నేల తడిమాడు.

ఇంటికి బస్సులోనే వెళ్ళారు. నడిపేది ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడే. అద్దంలో చూసి గట్టిగా అరిచాడు.

"ఏం గురూగారూ! వెనక సీట్లో కూర్చుంటే ఒళ్ళు వణకట్లేదూ? ఇంతకీ కడుపులో ఏముందన్నారు?"

"ఏముంటుందిరా, మీ వదిన వంట తప్ప!"

బస్సంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. ఈసారి బాగానే వచ్చింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని దిగేదాకా వదల్లేదు. నలుగురిలో ఎప్పుడూ అలా పట్టుకున్న మనిషి కాదు. గండం గడిచినట్టే అనుకుంది ఆమె. ఆదివారం దాకా చాలు.

ఇంట్లో అడుగు పెట్టగానే ఆయన పానా తీసుకుని స్నానాలగదిలోకి వెళ్ళాడు. ఆమె చేతిసంచిలోని రిపోర్టు దాచటానికి బీరువా తెరిచి, దుప్పట్లు ఎత్తింది.

"రావేం? నువ్వు చూడకపోతే ఎలా వస్తుంది?" ఆయన లోపలినుంచి కేకేశాడు.

"వస్తున్నా!"

కాగితాలు మడవబోతుంటే రెండో పేజీ జారి కింద పడింది. చిన్న డాక్టరు తిప్పని పేజీ అది. అడుగున పెద్ద డాక్టరు చేతిరాత.

"రోగి బస్సు డ్రైవరు; సూది వేసుకుంటే రేపు డ్యూటీ చెయ్యకూడదని తెలిసి వద్దన్నారు; గొంతు మొద్దుబారే మందు మాత్రం కొట్టి పరీక్ష చేశాం; మొదటినుంచి చివరిదాకా తెర చూస్తూనే ఉన్నారు, ఆ ఆకుపచ్చ చదరం ఏమిటో అక్కడే అడిగి తెలుసుకున్నారు."