నడక పోటీలో రెండో బహుమతి

1983 జనవరి 28 ఉదయం ఏడున్నరకు, నడక పోటీలో తనకు రెండో బహుమతి వచ్చినట్టు వినుకొండ హైస్కూలు లెక్కల మాస్టారు లక్ష్మీనరసింహం పేపర్లో చదివారు. ఆయన ఆ పోటీకి వెళ్ళలేదు.

వార్త ఆరు లైన్లు. రిపబ్లిక్ డే నాడు తెల్లవారుజామున అయిదింటికి, నాలుగు కిలోమీటర్లు, నలభై దాటినవారికి. మొదటి బహుమతి పురుగుమందుల కొట్టు బాపయ్యకు. నిర్వహణ డాక్టర్ ఇమాం హుస్సేన్.

మాస్టారి షుగరుకు మందులిచ్చేది ఆ డాక్టరే. నడవమని రెండేళ్ళుగా చెబుతున్నారు. "నేను నడిచే రకం కాదండీ" అని మాస్టారూ రెండేళ్ళుగా చెబుతున్నారు. ఇంటికీ బడికీ మధ్య రెండు ఫర్లాంగులు. రిక్షాలో వెళ్ళేవారు.

ఆ రోజు రిక్షా పీరు వచ్చాడు గానీ ఎక్కించుకోలేదు.

"ప్రైజు కొట్టిన మనిషిని ఎక్కించుకుంటే నన్ను చూసి నవ్వరా సార్. మొన్న స్టేషను దగ్గర చూశాగా. ఏం నడక సార్ అది."

"నన్నా?"

"మిమ్మల్నే. పంచె ఎగ్గట్టి."

మాస్టారు నడిచే వెళ్ళారు. బళ్ళో చప్పట్లు కొట్టారు. నిజం చెబుదామని నోరు తెరిచారు. చప్పట్లు ఆగలేదు.

సాయంత్రం డాక్టరు దగ్గరికి వెళ్ళారు.

"పొరపాటు పడిందండీ."

"సవరణ వేయిద్దాం. ఆ టైముకు మీరు ఇంట్లో నిద్రపోతున్నారని రాసిస్తాను."

"నిద్ర సంగతెందుకండీ?"

"కారణం లేందే పేపరువాళ్ళు వేయరు."

మాస్టారు కాసేపు ఆలోచించి, వద్దన్నారు.

ఇక భయమల్లా బాపయ్యతోనే. వెనక ఎవరొచ్చారో ముందు నడిచినవాడికి తెలియదా? అతను ఒక్కమాటంటే ఇరవై రెండేళ్ళ సర్వీసులో సంపాదించుకున్న పరువు పోతుంది. నిజంగా నడిచి చూపిస్తే అతను అన్నా ఎవరూ నమ్మరని మాస్టారు లెక్క వేశారు. బాపయ్య కొట్టున్న బజారు వదిలేసి, రోజూ తెల్లవారుజామున నరసరావుపేట రోడ్డు పట్టారు. మార్చికి నాలుగు కిలోమీటర్లయింది.

"పెళ్ళయి ఇరవయ్యేళ్ళు. మీకు కాళ్ళున్నాయని ఇప్పుడు తెలిసింది" అంది భార్య కనకలక్ష్మి.

జూన్‌లో ఒకరోజు అదే రోడ్డు మీద బాపయ్య ఎదురొచ్చాడు. తప్పుకోవడానికి సందు లేదు. ఇద్దరూ ఆగారు.

"మాస్టారూ, ఆ రోజు పోటీలో మీరు నన్ను వదల్లేదండీ. ఆఖరిదాకా వెనకాలే మీ చెప్పుల చప్పుడు" అన్నాడు బాపయ్య.

మాస్టారు అతని ముఖం చూశారు. వెక్కిరింపు లేదు. తన పరువు కాపాడుతున్నాడనుకున్నారు.

"మీ ముందు నేనెంతండీ" అన్నారు.

మర్నాటి నుంచి కలిసి నడిచారు. వాన రోజున ఎవరైనా ఆపితే, "నడిచే వాళ్ళకు వానేంటండీ" అనేవారు మాస్టారు. పోటీ మాట మాత్రం ఆయన ఎత్తలేదు. బాపయ్యా ఎత్తలేదు.

1984 జనవరి 26 ఉదయం అయిదింటికి స్టేషను దగ్గర నలభై ఒక్కమంది బయల్దేరారు. బాపయ్య ఎనిమిదో స్థానంలో, మాస్టారు తొమ్మిదో స్థానంలో వచ్చారు. డాక్టర్ ఇమాం హుస్సేన్ ఇద్దరికీ దండలు వేశారు.

వినుకొండలో నడక పోటీ జరగడం అదే మొదటిసారి.