కిటికీ కింద ఇనప స్టాండు

ఏసీ బయటి పెట్టె ఎక్కడ బిగించాలన్న దానిమీద పొద్దున పెద్ద వాదనే జరిగింది. పాప గది కిటికీ కింద వద్దన్నాడు మెకానిక్ బాబ్జీ.

"అరే దీదీ, కిటికీకి గ్రిల్లు కూడా లేదు. ఎవడైనా దీని మీద కాలేసి లోపలికొచ్చేస్తాడు. సముద్రం వైపు గోడకి పెట్టేద్దాం."

"ఉప్పుగాలికి ఏడాది తిరక్కుండా తుప్పు పట్టిపోతుంది భయ్యా. మూడో అంతస్తుకి ఎవడెక్కుతాడు, బల్లి తప్ప?" అంది జాహ్నవి. చివరికి ఆమె మాటే నెగ్గింది.

ఆ రాత్రి వాళ్ళుండే డిగ్నాబాద్ పేటంతా కరెంటు పోయింది. ఏసీ ఆగిపోయి ఉక్కపోస్తుంటే, జాహ్నవి కిటికీ తెరిచి పాప పక్కన పడుకుంది. కాసేపటికి బయట ఏసీ పెట్టె కింది ఇనప స్టాండు కిర్రుమంది. గాలి లేదు. బరువైనదేదో మెల్లగా ఎక్కి కూర్చున్నట్టు మళ్ళీ కిర్రుమని ఆగింది.

ఫోను లైటు వేసి తొంగి చూసింది. పెట్టె మీద ఎవరూ లేరు. తడి పాదాల గుర్తులు మాత్రం రెండున్నాయి. వేళ్ళు గదివైపు తిరిగి ఉన్నాయి. వాన పడి వారమైంది.

గబుక్కున కిటికీ మూసి గడియ పెట్టింది. మంచమెక్కి పాపను రెండు చేతులా గుండెలకు హత్తుకుని చెవులు రిక్కించింది. బయట ఏ చప్పుడూ లేదు.

"అమ్మా, నా కాలు వదులు, చలేస్తోంది," అని గొణిగింది పాప.

జాహ్నవి చేతులు రెండూ పాప వీపు మీదే ఉన్నాయి.