ముప్పై ఒకటో బిట్టు

“పేపరు ఎక్కడ దొరికింది?”

చక్రపాణి సారు ఈ మాట అడగడం అప్పటికి పదకొండోసారి. కరుణశ్రీ అదే జవాబు చెప్పడమూ పదకొండోసారే.

“ఎక్కడా దొరకలే సార్. నాకొస్తయ్, రాసిన.”

ఆయన నమ్మలేదు. ఊరికే నమ్మే మనిషైతే అమీర్‌పేటలో పన్నెండేళ్లుగా ఇంగ్లీషు గ్రామరు చెప్పుకుని బతికేవాడా? కంపారిజన్ మీద యాభై బిట్లు. బెటరా, బెస్టా? మోరా, మోస్టా? సీనియర్ పక్కన దెన్ పెట్టాలా, టూ పెట్టాలా? పొద్దున క్లాసులో అరవైమంది జుట్టు పీక్కున్నారు. ఒకడైతే యాభైకీ ‘సి’ అని పెట్టి, పేపరుకి దండం పెట్టి వెళ్లిపోయాడు. బోరబండ నుంచి వచ్చే ఈ పిల్ల మాత్రం ఫ్యాను పూర్తిగా స్పీడందుకోకముందే రాసిచ్చేసింది. నలభై తొమ్మిది రైటు.

ఆ తప్పిన ఒక్కటే ఆయనకి మరీ అనుమానంగా ఉంది. ముప్పై ఒకటో బిట్టు. ఈ బిల్డింగు ఆ బిల్డింగు కంటే పాతది అనడానికి కీలో ‘ఎల్డర్’ అని ఉంటే, ఈమె ‘ఓల్డర్’ పెట్టింది. ఎంత తెలివి! యాభైకి యాభై వస్తే దొరికిపోతానని కావాలనే ఒకటి తప్పు పెట్టింది.

“సరే, ఒకటి అడుగుతా చెప్పు,” అన్నాడు పేపరు గుండెకి అదుముకుని. “రవి ఈజ్ జూనియర్...”

“టూ. ఆప్షన్ బి.”

“నేనింకా ఆప్షన్లే చదవలేదు కదమ్మా!”

“పదిహేడో బిట్టు గద సార్,” అనేసి కరుణశ్రీ నాలిక్కరుచుకుంది.

సారుకి ఏసీ లేని గదిలో చలేసింది.

డైరెక్టరు నాగేశ్వరి గారు తలుపు సందులోంచి తల పెట్టారు. “ఏంటండీ, తేలిందా? ఫస్టొచ్చినవాళ్లకి ఫ్రీ బ్యాచ్‌లో సీటని బోర్డు మీద రాసేశాం. పేపరు కొట్టేసిందని సాయంత్రంలోగా తేల్చారా, ఆ పిల్ల బయటికి. తేల్చలేదా, పేపరు మీ చేతిలోంచే పోయినట్టు. మీరు బయటికి.”

తల వెళ్లిపోయింది. కరుణశ్రీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

“గా సీటు రాకుంటే నా కోచింగ్ గిక్కడికే బంద్ సార్. నమ్మున్రి, నేను దొంగతనం చెయ్యలే.”

“అయితే ఎవరిచ్చారో చెప్పు!”

“వద్దు సార్, జర గింతటితోని వదిలెయ్యున్రి. చెప్తే మీకే బాగుండదు.”

బెదిరింపు! సారు వెళ్లి తలుపు దగ్గరగా వేసొచ్చాడు. ఎందుకంటే ఆ పేపరు ఆయన స్వయంగా తయారుచేసింది. అంటే, స్వయంగా వెళ్లి కొన్నది. అమీర్‌పేటలో ఏ సారు క్లాసులో తుమ్మినా సాయంత్రానికల్లా జిరాక్సు షాపుల్లో స్పైరల్ బైండింగై వేలాడుతుంది. ఇక్కడ కొంటే తెలిసినవాళ్లు చూస్తారని మొన్న టోపీ, మాస్కు, నల్లద్దాలు తగిలించుకుని పంజాగుట్ట దాకా వెళ్లాడు. అక్కడో సందులోని జిరాక్సు షాపులో ‘కంపారిజన్: ఏరిన యాభై బిట్లు’ దొరికింది. అట్ట మీద రాసినవాళ్ల పేరు లేదు. ‘ఇరవై రెండేళ్ల సీనియర్ ఫ్యాకల్టీ’ అని మాత్రం ఉంది. ఎవరోగానీ మహానుభావుడు, చివర కీ కూడా ఇచ్చాడు. సారు కష్టపడి అట్ట చించాడు. మిగతాదంతా మక్కీకి మక్కీ.

అంటే ఆ షాపువాడు అదే పుస్తకం ఈ పిల్లకీ అమ్మాడన్నమాట. ఒక పుస్తకం ఒక్కరికే అమ్మాలన్న నీతి కూడా లేదా మనుషులకి? సరే, ఈమె కొన్నదని వాడి నోటితో అనిపిస్తే చాలు. లీకైన పేపరు షాపులో కొనుక్కుందని మేడంకి చెప్పొచ్చు. అదే షాపుకి అంతకుముందు ఎవరెళ్లారని ఎవరూ అడగరు.

“పద, పంజాగుట్ట వెళ్దాం.”

కరుణశ్రీ ముఖం పాలిపోయింది. “పంజాగుట్టకెందుకు సార్?”

దొరికింది దొంగ, అనుకున్నాడు సారు. పారిపోతుందేమోనని దారిలో మెట్రో పిల్లరు పిల్లరుకీ ఆగి వెనక్కి చూశాడు. ఆ పిల్ల పారిపోలేదు. అది ఇంకా అనుమానంగా ఉంది.

షాపు నడిపే భాయ్ కాగితాల కట్ట సర్దుతున్నాడు. ఈసారి టోపీ, మాస్కు, అద్దాలు ఏవీ లేవు కాబట్టి తనని గుర్తుపట్టే ప్రసక్తే లేదని సారు ధైర్యంగా ముందుకెళ్లాడు.

“భాయ్, నీ దగ్గర కంపారిజన్ బుక్కు ఉందట కదా. అది ఈ అమ్మాయి కొన్నదా, లేదా? నిజం చెప్పు.”

భాయ్ కరుణశ్రీ వంక చూశాడు. ఆమె సారు వెనక నుంచి వద్దు వద్దన్నట్టు తలూపింది. సారు చటుక్కున తిరిగాడు.

“చూశావా సైగలు! దొరికావు! చెప్పు భాయ్, ఎప్పుడు కొన్నది?”

“కొనుడేంది సార్?” భాయ్‌కి నవ్వాగలేదు. “గా బుక్కు రాసిందే గామె. గా ఇరవై రెండేళ్లు గామె వయసు.”

సారు మెల్లిగా కరుణశ్రీ వైపు తిరిగాడు.

“ముప్పై ఒకటో బిట్టు కీల నేను టైపు తప్పు కొట్టిన్నని నిన్ననే వచ్చి దిద్దిపోయింది,” అంటూ భాయ్ కొత్త పుస్తకం ఒకటి తీసి, దుమ్ము దులిపి సారు చేతిలో పెట్టాడు. “మొన్న నల్లద్దాలు పెట్టుకొని వచ్చి మీరు తీస్కపోయిన పాతది తెచ్చియ్యున్రి సార్, ఫికర్ లేదు, మార్చిన్నని రాసుకుంట.”