దుమ్ముకే ధర

నలభై ఏళ్లు కొట్టంలో పడి ఉన్న ఆ పాత రేసు కారును అమెరికాలోని ఇండియానా రైతు వెర్నన్ తన ఇల్లు తాకట్టు పెట్టి కొన్నాడు. రేపే వేలం. ఇలాంటి కార్లను దొరికినవి దొరికినట్టుంటేనే కొంటారు, దుమ్ముకే ధర. తుడిస్తే సగం పోతుంది.

రాత్రి టార్చి వేస్తే డ్రైవరు వైపు కిటికీ అద్దం మీది దుమ్ములో అరచేతి గుర్తు కనిపించింది.

"ఏమే లోయిస్, దీన్ని ముట్టుకున్నావా?"

"ఇంట్లో దుమ్ముకే దిక్కులేదు, నీ కారు దుమ్ము దులుపుతానా?" అంది భార్య గుమ్మంలోంచే, వెళ్లిపోతూ.

కారు కప్పు మీంచి చిటికెడు దుమ్ము తీసి గుర్తు మీద అద్దాడు. గుర్తు చెరగలేదు. అది అద్దానికి లోపలివైపు ఉంది. తలుపులేమో తుప్పుపట్టి, కొన్ననాటి నుంచీ తెరుచుకోనేలేదు.

"మీరెవరైనా సరే, రేపటిదాకా ఆగండి బాబూ," అని బతిమాలాడు వెర్నన్.

లోపల ఎవరో అద్దాన్ని మూల నుంచి మొదలుపెట్టి, నిదానంగా, శ్రద్ధగా తుడుస్తున్నారు.