ఏరేటర్ ఆపాక

మా షార్ట్ ఫిల్మ్ చివరి షాట్ ఆ రాత్రి మండవల్లి చేపల చెరువు గట్టు మీద ముగించాం.

"ఎడిటింగ్‌లో డైలాగుల వెనక వేయడానికి ఈ చోటి నిశ్శబ్దం ఒక్క నిమిషం రికార్డ్ చెయ్యి రమ్యా," అన్నాడు మా డైరెక్టర్ ఫణికిరణ్.

చెరువులో చేపలకి గాలి అందించే ఏరేటర్ నీళ్లు చిలుకుతూ ఒకటే మోత. "కాసేపు ఆపండి బాబాయ్ గారూ," అని కాపలా ఉన్న అబ్బాయిరాజు గారిని బతిమాలాను. ఆయన అయిష్టంగానే ఆపారు.

హెడ్‌ఫోన్స్‌లో నీటి మీద నోళ్లు తెరుచుకుంటున్న చప్పుడు మొదలైంది. వందల నోళ్లు, గాలి కోసం. మెల్లగా గట్టు వైపే వస్తున్నాయి.

"పాపం, చేపలకి ఊపిరాడట్లేదండీ. వేసేయండి," అన్నాను.

"చేపలెక్కడివమ్మా? మొన్ననే అన్నీ పట్టేశాం."

"మరి ఏరేటర్ ఎందుకు వేశారండీ?"

ఆయన స్విచ్ కోసం తడుముకుంటున్నారు.

"ఇది వినపడకూడదనేనమ్మా."