అమ్మ గొంతు తీసేసిన ట్రాక్

సముద్రాల అవతలి దీవిలో, వాలేలేవు అనే ఊళ్ళో తమ ఇంటి వరండాలో కూర్చుని, ఫోనులో ట్రాక్ పెట్టుకుని, గిటారు మీటుతూ భజన సాధన చేస్తున్నాడు శశి. తను నెలల బిడ్డగా ఉన్నప్పుడే పోయిన అమ్మ పాడిన క్యాసెట్టు అది. రేపు అక్కడి తెలుగువాళ్ళ సంఘంలో తనే పాడాలని ఆమె గొంతు తీసేయించాడు. నాన్న వాయించిన డోలక్ మాత్రం మిగిలింది. శశికి తెలుగు రాదు, ఇంట్లో మాట్లాడేదంతా హిందీయే. మాటలన్నీ విని బట్టీ పట్టినవే.

మూడో చరణం దగ్గర మేనత్త జసోద చెయ్యి అడ్డం పెట్టింది.

"అరే బేటా, ఆ లైన్ పాటలోది కాదు."

"క్యాసెట్టులో ఉంది కదా ఫువా! చిన్నప్పటి నుంచీ పాడుతున్నా."

"ఉంటది. పాడతా పాడతా మీ అమ్మ మీ నాన్నతో చెప్పింది. వాన వస్తా ఉంది, బిడ్డను లోపలికి తే అని."

"ఏ బిడ్డ?"

"నువ్వే."

"నాన్న ఎప్పుడూ చెప్పలేదే?"

"చెప్తే నువ్వు ఆ మాట పాడటం మానేస్తావని."

శశి ట్రాక్ మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు. ఆ చోటు రాగానే పాడకుండా ఊరుకున్నాడు. డోలక్ ఒక్కటే మోగుతూ పోయింది.

బయట వాన జాడే లేదు, ఎండ మండిపోతోంది. అయినా శశి గిటారు పట్టుకుని లేచి, లోపలికి వెళ్ళాడు.